గట్టిగా చెప్పరా!



ముప్పయ్యేళ్ళు బడిలో ఛందస్సూ సంధులూ చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడికి ఈ వయసులో రేడియో పిచ్చి ఏమిటని ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారు. మీరూ నవ్వుదురు గాక! చిలకలూరిపేటలో మా డాబా మీద జరిగిన ఈ ముచ్చట మాత్రం మీతో చెప్పుకోకుండా ఉండలేను.

2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్ళింది. దేశదేశాల హామ్‌లతో సరదాగా సంభాషించటానికి వెళ్ళినవారు, 26వ తేదీన సునామీ విరుచుకుపడగానే ఆ పరికరాలతోనే బాధితుల క్షేమసమాచారాలు చేరవేశారు. ఆ వార్త చదివిన నాడే నా మనసు అటు మళ్ళింది. తీరిక దొరికేసరికి ఇన్నేళ్ళు పట్టింది.

ప్రసారం చేయటానికి పరీక్ష, లైసెన్సు కావాలి. అవి నాకు లేవు. నేను కేవలం శ్రోతను. కంప్యూటరుకు తగిలించే ఎస్‌డీఆర్ అనే చిన్న రిసీవరు ఒకటి కొన్నాను. ఇక ఏంటెన్నా. 468ని మెగాహెర్ట్జులతో భాగిస్తే డైపోల్ పొడవు అడుగుల్లో వస్తుంది. 14 మెగాహెర్ట్జులకు సుమారు 33 అడుగుల రాగితీగ. దాన్ని సరిగ్గా మధ్యకు కత్తిరించి, నడుమ ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి, అక్కడినుంచి కేబుల్ దించాలి.

మోటారు వైండింగు పని చేసే నా పాత శిష్యుడొకడు వచ్చి, కరెంటు తీగలకు దూరంగా, ఒక కొసను డాబా మీది వెదురుబొంగుకీ రెండో కొసను పెరట్లోని కొబ్బరిచెట్టుకీ కట్టిపెట్టాడు. దిగుతూ మెట్ల దగ్గర ఆగి ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పరా!" అన్నాను, అలవాటుగా.

"ఏం లేదులెండి మాస్టారూ" అని వెళ్ళిపోయాడు.

నేను వినదలచినది విస్పర్ అనే పద్ధతి. పేరుకు తగ్గట్టు గుసగుసే. జంట నక్షత్రాల పల్సారును కనుగొన్నందుకు 1993లో నోబెల్ బహుమతి పంచుకున్న జో టేలర్ 2008లో దీన్ని రూపొందించాడు. స్టేషను పేరు, ఉన్న చోటు, ప్రసారశక్తి. పంపేది ఈ మూడు ముక్కలే. వాటిని చెప్పటానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది! 2,500 హెర్ట్జుల మేర వినిపించే రొదలో సంకేతం బలం ఆరువందల వంతుల్లో ఒక వంతే ఉన్నా పట్టుకోవచ్చు. చెవికి వినపడనే వినపడదు.

ఎలాగంటారా? మన పద్యాన్ని తలుచుకోండి. తాళపత్రంలో చెదలు తిన్న అక్షరాన్ని యతిని బట్టీ ప్రాసను బట్టీ ఊహించి పూరించటం లేదూ? ఉత్పలమాలలో నాలుగు పాదాల రెండో అక్షరంలోని హల్లు ఒకటే కనుక ఒకచోట చెరిగినా మిగతా మూడూ సాక్ష్యం చెబుతాయి. విస్పర్‌ కూడా 50 బిట్ల సందేశాన్ని ఒక కట్టుదిట్టమైన నియమంతో 162 సంకేతాలుగా పెంచి పంపుతుంది. కొన్ని రొదలో కొట్టుకుపోయినా మిగిలినవాటితో సందేశం నిలబడుతుంది. అరవటం వల్ల కాదు, నిదానం వల్లా నియమం వల్లా గెలుస్తుందన్నమాట.

సిద్ధాంతం బాగానే ఉంది. నాకు మాత్రం నెలరోజులు రొద తప్ప ఏమీ దొరకలేదు. తీగ కొలతలు మార్చాను, రిసీవరును తిట్టుకున్నాను. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. తెరమీది రొద తెర దించినట్టు తగ్గిపోయింది! కాసేపటికి ఇటలీ నుంచి ఒకటి, ఆస్ట్రేలియా నుంచి మరొకటి, పేర్లు వచ్చాయి. ఒకదాని శక్తి వాటులో అయిదో వంతు మాత్రమే. సముద్రాలు దాటి, మీది అయనావరణంలో వంగి, మా కొబ్బరిచెట్టు మీద వాలింది.

కరెంటు వచ్చింది. రొదా వచ్చింది. ఇంట్లో స్విచ్చులు ఒక్కొక్కటే ఆపుతూ పోతే దొంగ దొరికాడు. మెట్ల మీది ఎల్‌ఈడీ బల్బు!

మర్నాడు శిష్యుడికి ఈ ఘనకార్యం చెప్పాను. వాడు నవ్వాడు. "ఆ రోజే చెప్పబోయాను మాస్టారూ, ఆ బల్బు రేడియోకి అడ్డం వస్తుందని. మీరు గట్టిగా చెప్పమనేసరికి మానేశాను. బళ్ళోనూ ఇంతే కదండీ!"

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు. చివరి బెంచీలో లేచి నిలబడి పెదవులు కదిపిన పిల్లలు ఎందరో గుర్తొచ్చారు. ఆ ఒక్క మాటతో ఎందరిని కూర్చోబెట్టానో! ఎక్కడో ఇటలీలో ఎవరో పంపే సంకేతానికి రెండు నిమిషాలు ఓపిక పడుతున్నాను. నా ఎదుట నిలబడ్డవాడికి రెండు క్షణాలు ఇవ్వలేకపోయాను.

"అప్పట్లో ఏం అడగబోయేవాడివిరా?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. నేను తొందరపెట్టలేదు.

"గుర్తులేదు మాస్టారూ" అన్నాడు, మెల్లగానే.