భీమిలి తీరాన రెండు రోజులు



2024 జనవరి 26 శుక్రవారం సెలవు. మరునాటి సాయంత్రం వరకు భీమిలిలోని నా చిన్ననాటి స్నేహితుని యింట గడిపాను. గోస్తని నది సముద్రములో కలిసే ఊరది. డచ్చివారి పాత సమాధులు అక్కడ నేటికీ ఉన్నవి. భార్య ప్రభువునందు నిద్రించిన నాటినుండి అతడు మందిరానికి వెళ్లడం లేదు. హెచ్చరించాలనే బయలుదేరాను.

శనివారం తెల్లవారుజామున అతని రెండు కుక్కలతో తీరం వెంబడి నడిచాము. ఒకచోట అవి ఇసుకను తవ్వసాగాయి. అతడు కేకవేసి, మెడపట్టీలు పట్టి వాటిని వెనక్కు లాగాడు. అది ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టిన గుంట. ఆ తాబేలు వంద గుడ్ల వరకు పెట్టి, ఇసుక కప్పి, సముద్రానికి వెళ్లిపోతుంది. 45 మొదలు 60 రోజులకు పిల్లలు వాటంతటవే పైకి వస్తాయి. ఈలోగా కుక్కలు, నక్కలు గుడ్లను తినివేస్తాయి.

అటవీ శాఖవారికి కబురు పంపి, వారు వచ్చి గుడ్లు తీసుకువెళ్లేవరకు అతడు అక్కడే కూర్చున్నాడు. "తల్లి వెళ్లిపోయిందిరా, ఎవరో ఒకరు కాపలా ఉండాలి గదా" అన్నాడు. పదవ తరగతి చదివే అతని కూతురు నాకు గుర్తుకు వచ్చింది. నేను అనుకొన్న హెచ్చరిక చెప్పలేదు. పక్కనే కూర్చున్నాను.

ఆ ఆదివారం అతడు మందిరానికి వెళ్లలేదు గాని కూతురిని పంపాడు.

యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నప్పుడే అతనికి మేలు చేశారు. ప్రియులారా, దుఃఖపడేవారి యింటికి ప్రసంగముతో గాక, తీరికతో వెళ్దాము.