బీబీ కింగ్, ఒక ట్రాక్టరు, మా నాన్న

బీబీ కింగ్ పోయాడని చదివిన రోజే నేను ఆయన్ని మొదటిసారి విన్నాను. చెప్పుకోడానికి కాస్త సిగ్గుగానే ఉంది, కానీ నిజం. 2015 మేలో, 89 ఏళ్ళ వయసులో, లాస్ వేగాస్‌లో పోయాడు. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం అయ్యి, సెలవులకి ఊరొచ్చి ఉన్నా. అప్పట్లో నా దృష్టిలో గిటారంటే స్పీడే. సెకనుకి ఎన్ని నోట్లు కొడితే అంత మొనగాడు! అలాంటిది 'ద థ్రిల్ ఈజ్ గాన్' పెట్టుకుంటే, ఈయనేంటి, నాలుగు నోట్లు కొట్టి ఊరుకుంటాడు? ఇంతేనా అనుకున్నా. ఎందుకో మళ్ళీ పెట్టా. మళ్ళీ పెట్టా. తెల్లారిపోయింది.

తర్వాత ఉద్యోగంలో చేరాక గిటారు కొని, ఆ నాలుగు నోట్లూ పట్టుకుందామని కూచుంటే అర్థమైంది అసలు సంగతి. నోట్లు దొరుకుతాయి, అవెక్కడున్నాయో ఎవరైనా చూపిస్తారు. ఆ వణుకు దొరకదు. తీగని వేలితో పక్కకి లాగి, స్వరాన్ని పైకి తీసుకెళ్ళి, అక్కడ నిలబెట్టి మణికట్టుతో ఊపుతాడు. మన వీణలో గమకం వింటూ పెరిగిన చెవికి ఇది కొత్తగా ఉండదు, అందుకే అంత త్వరగా పట్టేసిందేమో నన్ను. ఆయన బంధువు బుకా వైట్ తీగల మీద గొట్టం జారుస్తూ స్లైడ్ వాయించేవాడు. అది ఈయనకి ఎంతకీ చేతకాలేదట. ఆ శబ్దాన్నే ఉత్త వేళ్ళతో తెప్పించబోతే ఇది పుట్టింది. మన భాషలో చెప్పాలంటే బగ్గుని ఫీచర్ చేసేసాడన్నమాట :-)

కార్డ్స్ వాయించడం కూడా తనకి సరిగ్గా రాదని ఆయనే చెప్పుకునేవాడు. పాడేటప్పుడు గిటారు ఆగుతుంది, గిటారు అందుకున్నాక ఆయన ఆగుతాడు. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టుంటుంది. 1964లో షికాగోలో రికార్డు చేసిన 'లైవ్ ఎట్ ద రీగల్' వినండి, జనాల కేకలతో సహా. ఆ గిటారుకి పేరు కూడా ఉంది, లూసిల్. 1949లో ఆర్కన్సాస్‌లో ఒక హాల్లో ఇద్దరు కొట్టుకుని కిరసనాయిలు పీపా తన్నేస్తే మంటలంటుకున్నాయి. బయటపడ్డవాడు గిటారు కోసం మళ్ళీ లోపలికి పరిగెత్తాడు! ఆ గొడవకి కారణమైన అమ్మాయి పేరు లూసిల్ అని తర్వాత తెలిసిందిట. ఇంకెప్పుడూ అలాంటి తెలివితక్కువ పని చెయ్యకూడదని గుర్తుంచుకోడానికి, ఆ పేరే పెట్టుకున్నాడు.

కానీ నాకు లూసిల్ కంటే ట్రాక్టరు కథే ఇష్టం. ఆయన పుట్టింది 1925లో, మిసిసిపీ పత్తిచేల మధ్య. చిన్నప్పట్నుంచీ పత్తి తీసాడు, పెద్దయ్యాక భూస్వామి ట్రాక్టరు తోలాడు. 1946లో ఒక సాయంత్రం పని ముగించి దిగేసరికి, ఆపిన ట్రాక్టరు ఒక్క ఊపు ముందుకి కదిలి, పైనున్న పొగ గొట్టం కొట్టానికి తగిలి విరిగిపోయింది. భయపడి, గిటారు పట్టుకుని మెంఫిస్ పారిపోయాడు.

మాదీ పత్తి ఊరే, గుంటూరు జిల్లాలో. నేను సెలవుల్లో బీబీ కింగ్ వింటూ కూచున్న ఆ ఏడు మా నాన్నకి పత్తి మీద పెట్టిన పెట్టుబడి కూడా రాలేదు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఫీజు మాత్రం టైముకే కట్టాడు. ఎక్కణ్ణుంచి తెచ్చాడో మూడేళ్ళ తర్వాత, ఉద్యోగం వచ్చాక, అమ్మ చెప్పింది. అప్పుడు నేను తట్టుకోలేక హైదరాబాద్ వచ్చేసి రెండు నెలలు ఊరికి ఫోను సరిగ్గా చెయ్యలేదు. ఎందుకంటే చెప్పలేను, ఏం మాట్లాడాలో తెలీలేదంతే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూచుని వింటుంటే నాన్న వచ్చి పక్కన కూచున్నాడు. ఎవర్రా అంటే, పత్తి తీసే ఆయన అని మొదలుపెట్టి ట్రాక్టరు కథంతా చెప్పాను. ఆయన ఏడాదిలో 342 ప్రదర్శనలిచ్చింది, గ్రామీలు వచ్చింది, అన్నీ చెప్పాను. నాన్న అవేమీ పట్టించుకోలేదు.

"మరి ఆ ట్రాక్టరు డబ్బులు కట్టాడంటనా?"

"కట్టాడు నాన్నా. తిరిగొచ్చి, అదే చేలో పనిచేసి తీర్చాడు. ఆ తర్వాతే మళ్ళీ మెంఫిస్ వెళ్ళాడు."

కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఊఁ. పెట్టు, ఇందాకటి పాట మళ్ళీ పెట్టు."