ఎన్ని టన్నులు కాదు... ఎంత దూరం?

కట్టడాల పనిలో ముప్ఫై ఏళ్ళు గడిపాను కాబట్టి, చుట్టాలూ స్నేహితులూ నన్ను సిమెంటు గురించి అడుగుతారు, పునాది లోతు గురించి అడుగుతారు. క్రేన్ గురించి మాత్రం ఎవరూ అడగరు. ఫోన్ చేస్తే వచ్చే అద్దె బండే కదా, ఎత్తిపెట్టి వెళ్ళిపోతుంది అనుకుంటారు. కానీ ఏ క్రేన్ తెప్పించాలో నిర్ణయించేవాడికి ఆ పూట ముద్ద దిగదు. దాని చుట్టూ పనిచేసేది మనుషులు మరి!

కొన్నేళ్ళ క్రితం ఓ నర్సింగ్‌హోమ్ పని జరుగుతోంది. మూడు టన్నుల జనరేటర్‌ను వీధిలోంచి ఎత్తి, ముందున్న షెడ్డు మీదుగా వెనక దిమ్మె మీద దించాలి. యజమాని లెక్క చాలా సులువు. ‘‘హైడ్రా పద్నాలుగు టన్నులు ఎత్తుతుంది. మనది మూడు. ఇంకా పెద్ద క్రేన్ ఎందుకండీ, డబ్బు దండగ!’’ అన్నారు.

హైడ్రా వచ్చింది. దాని ఆపరేటర్ వయసులో పెద్దవాడు. బండి దిగి, వీధి నుంచి దిమ్మె దాకా ఉన్న దూరాన్ని అడుగులతో కొలిచాడు. ‘‘బండి మీద రాసిన నంబరు చూడకండి సార్. అది దగ్గరి బరువుకి. మీరు చెప్పేది పదకొండు మీటర్ల అవతల. దీనివల్ల కాదు’’ అన్నాడు. ఆ రోజు కిరాయి పోతుందని తెలిసే ఆ మాటన్నాడు. నేను ఆయన పక్షానే నిలబడ్డాను. యజమాని సణుక్కున్నారు. మర్నాడు పెద్ద ట్రక్ క్రేన్ వచ్చి పని ముగించింది.

ఆ ఆపరేటర్ చెప్పింది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. నిండు బిందెను చంకన పెట్టుకుని మన ఆడవాళ్ళు ఫర్లాంగు దూరం నడుస్తారు. అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే పహిల్వాను కూడా నిమిషం నిలవలేడు. బిందె బరువు పెరగలేదు, దూరం పెరిగింది. క్రేన్ సంగతీ అంతే. 50 టన్నుల క్రేన్ అంటే, బూమ్ ముడుచుకుని, బరువు మూడు మీటర్ల దగ్గర ఉన్నప్పుడు 50 టన్నులన్నమాట. ఇరవై మీటర్ల అవతలికి చాపితే నాలుగైదు టన్నులు ఎత్తడమే గొప్ప. అందులోనే కొక్కెం, గొలుసుల బరువు కూడా తీసేయాలి. ఈ లెక్కలన్నీ గడులు గడులుగా రాసిన లోడ్ చార్ట్ క్యాబిన్‌లో ఉంటుంది. నంబరు నమ్మేవాడు కాదు, చార్ట్ చదివేవాడే అసలైన ఆపరేటర్.

దూరం తర్వాత చూడాల్సింది నేల. ట్రక్ క్రేన్ నాలుగు జాకీలు చాపుకుని వాటి మీదే నిలబడుతుంది. ఒక్క జాకీ కింద పాత సెప్టిక్ ట్యాంకో, ఈ మధ్యే పూడ్చిన కాలువో ఉంటే చాలు, మిగతా మూడూ గట్టిగా ఉండి ప్రయోజనం లేదు. అందుకే జాకీల కింద దళసరి చెక్క దిమ్మెలో, ఇనప పలకలో వేస్తారు. మెత్తటి నేల మీద, నెలల తరబడి భారీ పని ఉన్నచోట గొలుసు చక్రాల క్రాలర్ క్రేన్ మేలు. బరువు ఎక్కువ నేల మీదికి పంచుతుంది. అంతస్తు మీద అంతస్తు లేచే భవనానికి టవర్ క్రేన్ కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన ఇళ్ళను జర్మనీ తిరిగి కట్టుకుంటున్న రోజుల్లో, 1949లో, హాన్స్ లీబెర్ అనే ఆయన సులువుగా తరలించి, బిగించుకోగల టవర్ క్రేన్‌ను తయారుచేశారు. ఈనాటి ఆకాశ హర్మ్యాల వెనుక ఆ ఆలోచన ఉంది.

మూడోది గాలి. టవర్ క్రేన్ ఆపరేటర్ సాయంత్రం దిగేటప్పుడు, క్రేన్ తిరిగే బ్రేకును వదిలేసి వెళ్తాడు. గాలి ఎటు వీస్తే పొడవాటి చేయి అటు తిరగాలి. బిగించి ఉంచితే గాలికి ఎదురు నిలిచి విరుగుతుంది. 1999 జులైలో అమెరికాలోని మిల్వాకీలో ఓ స్టేడియం పైకప్పు భాగాన్ని ఎత్తుతుండగా భారీ క్రేన్ కూలి ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఎత్తుతున్న ఆ వెడల్పాటి భాగం మీద గాలి తోపుడును సరిగా లెక్కలోకి తీసుకోలేదు.

ఎక్కడో అమెరికా అనుకోనక్కర్లేదు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలి పదకొండు మంది ప్రాణాలు పోయాయి. క్రేన్ కిందా పైనా ఉండేది ఎవరో ఒకరి ఇంటి పెద్దలూ పిల్లలే.

మన వీధుల్లో రోజూ కనిపించే ఇంకో దృశ్యం చెప్పాలి. పసుపు రంగు హైడ్రా ముందు స్తంభమో, ట్రాన్స్‌ఫార్మరో ఊగుతూ ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని ఓ కుర్రాడు బండి ముందు నడుస్తుంటాడు. వేలాడే బరువు, బూమ్ అడ్డొచ్చి ఆపరేటర్‌కు ఆ కుర్రాడు సరిగా కనపడడు. గోతిలో కాలు జారితే చక్రం కింద పడతాడు. అలా మోసుకుపోవాల్సిన దూరం ఎక్కువైతే లారీ మీద వేసి తీసుకెళ్ళాలి. దగ్గరైతే ఆ కుర్రాడు పక్కగా, ఆపరేటర్‌కు కనిపించేలా నడుస్తూ పొడవాటి తాడుతో బరువును అదుపు చేయాలి. తాడుకయ్యే ఖర్చెంతని?

మీ ఇంటి మీదికి నీళ్ళ ట్యాంకు ఎక్కించేందుకో, అపార్టుమెంటుకి జనరేటర్ దించేందుకో క్రేన్ పిలిస్తే, అద్దె ఎంతని అడిగే ముందు నాలుగు మాటలు చెప్పండి. బరువు ఎంత, దూరం ఎంత, నేల కింద ఏముంది, పైన కరెంటు తీగలు ఎక్కడున్నాయి. ఆ నాలుగూ విన్నాక ఆపరేటర్ ‘‘ఈ బండి వద్దండీ’’ అంటే విసుక్కోకండి. కిరాయి వదులుకుని ఆ మాట అనేవాడు దొరకడం మీ అదృష్టం. ఓ టీ ఇప్పించి పంపండి. ఆ కిరాయిలో కొంతైనా చేతిలో పెడితే మరీ మంచిది.