సొరబుర్ర సితారా



సౌలు రాజు ఎదుట దావీదు వాయించినదాన్ని సండే స్కూలు బొమ్మల్లో బంగారు రంగు వేసి చూపిస్తారు. మన బైబిల్లో ‘సితారా’ అని ఉన్న ఆ చోట హెబ్రీ మాట ‘కిన్నోర్’. సెమినరీలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు వెంటనే మన కిన్నెర గుర్తొచ్చింది. రెండింటికీ చుట్టరికం ఉందని చెప్పడం లేదు, నా చెవికి అలా తగిలింది, అంతే.

కిన్నెర డక్కలి వారిది. వారు ఎక్కువగా తెలంగాణలో ఉంటారు. దాన్ని చేసే సరుకు చూడండి. పాదు మీదే ముదిరి, కూరకు పనికిరాకుండా పోయిన సొరకాయ. బాగా ఎండాక ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. చిల్లి పెట్టి అవన్నీ గీకేసి, ఆ ఉత్త బుర్రలను వెదురు బొంగు కింద కడతారు. బొంగు మీద తేనెమైనంతో మెట్లు నిలబెడతారు. వెనకటికి మెట్లకు అలుగు పెంకులు వాడేవారు, ఇప్పుడు అలుగును చంపితే నేరం. తీగలకు గుర్రపు వెంట్రుకలు, మనిషి తలవెంట్రుకలు, జంతువుల నరాలు. ఆ పైన నెమలి ఈకలు, పూసలు, అద్దాలు పెట్టి పెళ్ళికూతురిలా ముస్తాబు చేస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర. పండుగ సాయన్న కథ ఆయన నోట వినండి. బుర్ర ఉత్తది కాబట్టే అంత నాదం!

ఇక మనకు కాస్త ఇబ్బందిగా ఉండే సంగతి. డక్కలి వారు తరతరాలుగా జాంబపురాణం చెప్పి చేయి చాపింది మాదిగల ముందే. ఊరు మాదిగపల్లెను దూరం పెడితే, పల్లె డక్కలి గుడారాన్ని ఇంకా దూరం పెట్టింది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనం ఎంతో సంతోషంగా చెప్పుకుంటాం. వారిలో ఎక్కువమంది మాదిగలే, మన తాతముత్తాతలే. మనకంటే కింద ఇంకొకరు ఉండాలనే పట్టింపు మాత్రం ఆ నీళ్ళలో మునిగిందా?

ఎందుకు అడుగుతున్నానంటే, పిల్లలతో ఒక కిన్నెర చేయిద్దామని నేను అన్నప్పుడు మన పెద్దలలో ఒకరు, “అయ్యగారూ, అడుక్కునేవాళ్ళ వాయిద్యం గుళ్ళోకా? కీబోర్డు ఉందిగా” అన్నారు. ఆయన మంచివారు, ప్రార్థనాపరులు. తన చిన్నతనంలో ఊరి హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు గురించి ఆయనే నాకు చెప్పారు. నేను వాదించలేదు. 1 సమూయేలు 16 మళ్ళీ చదవమన్నాను. గొర్రెలు కాసుకునే పిల్లవాణ్ణి, వాడి వాయిద్యంతో సహా, రాజు ఇంటికి పిలిపించిన సంగతి అందులో ఉంది. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.

మెట్లకు వెదురు పుల్లలు చాలు. తీగలకు యూత్ వాళ్ళు తెగిపోయిన గిటారు తీగలు దాచి ఉంచారు. కాయలే కావాలి. గుడి వెనక పందిరి మీద మూడు సొరకాయలకు పిల్లలు ఎర్ర దారం కట్టారు. మిరప కోతల నుంచి వచ్చేటప్పుడు అటుగా వెళ్ళే అక్కలకు మనవి: దయచేసి వాటిని కూరకు కోయకండి.