నీళ్ళడిగిన ప్రభువు



యోహాను సువార్త 4వ అధ్యాయము మీద నేను ఎన్ని ప్రసంగములు చేశానో నాకే లెక్క లేదు. వేదాంత డిప్లొమా చదివే రోజులలో సమరయ స్త్రీని గురించి వ్రాసిన వ్యాసమునకు మంచి మార్కులు కూడా వచ్చాయి. అయినా ఆ బావి దగ్గర మొదట నోరు తెరచి అడిగినవారెవరు, ఏమని అడిగారు అన్న సంగతి చాలాకాలము నా మనస్సుకు ఎక్కలేదు. అది నాకు నేర్పినది కళాశాల కాదు. నాగాయలంక మండలములో ఒక ఉప్పు బోరింగు, దాని ప్రక్కన బిందె పట్టుకొని నిలబడిన ఒక అవ్వ.

అది 2009వ సంవత్సరము, మే నెల. అప్పటికి నాకు ముప్పై యేళ్ళు నిండలేదు. విజయవాడ శివార్లలో ఒక చిన్న సంఘమునకు కాపరిగా వచ్చి రెండేళ్ళయింది. మంచినీళ్ళు లేని పల్లెలలో బోర్లు వేయించే ఒక సహోదర బృందము ఆ యేడు మా జిల్లాకు వచ్చింది. "పాస్టరుగారూ, మీరు పల్లె చూపించండి, ఖర్చు మేము పెట్టుకొంటాము" అన్నారు. నా ఆనందమునకు మేర లేదు. మా సంఘస్థుల చుట్టములున్న ఒక పల్లె నాకు గుర్తు వచ్చింది. నలభై గడపలు, తాటాకు కప్పిన చిన్న ప్రార్థన మందిరము. వెంటనే ఆ పేరు చెప్పాను. అక్కడివారిని ఒక్క మాటైనా అడగలేదు. మేలు చేయటానికి అడగటమెందుకు అనుకొన్నాను.

రెండు జీపులలో బయలుదేరి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా వెళ్ళాము. దారిలో ఆ సహోదరులు ఆశ్చర్యపోయి అడిగారు: "ఇది కృష్ణా డెల్టా కదా, ఇక్కడ నీళ్ళ కరువేమిటి?" వారు అడిగినది న్యాయమే. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానములో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆ నీటితో సుమారు 13 లక్షల ఎకరాలు పండుతున్నాయి. అయితే కాలువకు తల ఉన్నట్టే తోక కూడా ఉంటుంది. తలదగ్గర ఊళ్ళు తాగి, తడుపుకొని వదిలినది శివారు ఊళ్ళకు వస్తుంది. ఎండాకాలము కాలువ కట్టివేస్తే ఊరి మంచినీళ్ళ చెరువులో మిగిలినదే ఆధారము. మే నెలకు అది అడుగంటి పచ్చగా మారుతుంది. ఇక భూమిలోని నీటి సంగతి సముద్రము చేరువలో వేరు. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసినవారు నా ఎదుటనే ఉన్నారు.

మేము ప్రార్థన చేసి, పాట పాడి, మందిరము ప్రక్కనే స్థలము గుర్తించాము. మేస్త్రీ, అతని కూలీలు గొట్టము దింపటము మొదలుపెట్టారు. డెల్టా నేల కదా, రాయి తగలదు. ఇసుక, బంకమన్ను మార్చి మార్చి వస్తాయి. పని చకచకా సాగుతోంది. ఇంతలో ఒక అవ్వ ఖాళీ బిందె చంకన పెట్టుకొని వచ్చి నిలబడింది. కాసేపు చూచి నన్ను మెల్లగా అడిగింది.

"అయ్యగారండీ, ఎంత లోతుకు దింపుతారండీ?"

"నూరడుగులు దింపుతామమ్మా. లోతుకు పోయేకొద్దీ మంచి నీళ్ళు."

"ఇక్కడ అట్టా కాదండి. లోతుకెళ్తే ఉప్పేనండి. ఆ దిబ్బ మీద పది పదిహేనడుగులైతే..."

నేను ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు. "ప్రార్థన చేసి మొదలుపెట్టామమ్మా. దేవుడు తియ్యని నీళ్ళిస్తాడు, నీవు విశ్వాసముంచు" అన్నాను. చుట్టూ ఉన్నవారు "ఆమేన్" అన్నారు. అవ్వ తల వంచుకొని, చెరువు వైపు నడిచి వెళ్ళిపోయింది.

ప్రియులారా, ఆ "ఆమేన్" ఈనాటికీ నా చెవిలో గుచ్చుకొంటుంది. నేను ఆ రోజు ప్రార్థనను దేవునితో మాట్లాడటానికి వాడలేదు, ఒక పేదరాలి నోరు మూయటానికి వాడాను.

సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. బురద తేరిన తరువాత ఒక పిల్లవాడు దోసిలి పట్టి, నోట పోసుకొని, వెంటనే ఉమ్మివేశాడు. ఉప్పు. ఎవరూ ఏమీ అనలేదు. "కొన్నాళ్ళు కొడితే తేరుకొంటుంది" అన్నాడు మేస్త్రీ. పంపు బిగించారు. దాతల పేర్లు చెక్కించిన పాలరాతి పలక అప్పటికే జీపులో సిద్ధముగా ఉంది. దానిని కూడా అమర్చి ఫొటోలు తీసుకొన్నాము.

తేరుకోలేదు. ఆ తరువాత రెండు క్రిస్మసులకు ఆ పల్లెకు వెళ్ళాను. ఒక్కరు కూడా నన్ను నొప్పించే మాట అనలేదు. "బోరింగు బాగుందా?" అంటే "బాగుందండి, అంట్లకు వాడుకొంటున్నామండి" అన్నారు. రెండవసారి వెళ్ళినప్పుడు పంపు పిడికి గేదె కట్టివేసి ఉంది. నాకు కాచి ఇచ్చిన టీ నీళ్ళు ఎక్కడివని అడిగితే, ఒక చిన్నపిల్ల దాచకుండా చెప్పింది: "అవ్వ దిబ్బ కాడ నుంచి తెచ్చిందండి, మీరొస్తున్నారని." దిబ్బ రెండు కిలోమీటర్లు. ఆ టీ గొంతు దిగలేదు.

ఆ సాయంత్రము అవ్వ ఇంటి అరుగు మీద కూర్చొని, "అవ్వా, ఆ రోజు నేను నీ మాట విననివ్వలేదు. ఇప్పుడు చెప్పు" అని అడిగాను. ఆమె నవ్వి, "దిబ్బ కాడికి రండి, చూపిస్తాను" అన్నది.

ఇసుకదిబ్బ మీద ఆమె చేతులతోనే చెలమ తవ్వి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలాది ప్రాణములు పోయాయి. ఆ యేడు చెరువులు, బావులు అన్నీ ఉప్పైపోయాయట. వానలు కడిగిన తరువాత మొదట తీపెక్కినది ఈ దిబ్బ నీళ్ళేనట. ఆమె ఇంకొక మాట కూడా చెప్పింది. తన చిన్నతనములో పల్లెవారు ఊరి చెరువు మెట్టు దిగకూడదు. పైన నిలబడి వేచి ఉంటే, దయగలవారెవరైనా బిందెలో పోసేవారు. "నీళ్ళ కోసం నిలబడీ నిలబడీ మాకు నీళ్ళ రుచి తెలిసిందండి" అన్నది.

ఆ మాట విన్నప్పుడు నాకు కారంచేడు గుర్తు వచ్చింది. అక్కడ మాదిగపల్లె మంచినీళ్ళ చెరువును పాడు చేయవద్దని అడిగినందుకు మొదలైన గొడవ, మరునాడు, 1985 జూలై 17న, ఆరుగురి ప్రాణములు తీసింది. ఆ చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలిచిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. మనము నోటితో ప్రకటించే మాటే ఆమె పేరు. నీటి బిందె పట్టుకొన్న స్త్రీకి ఏమీ తెలియదనుకొని మనము ప్రసంగము మొదలుపెట్టేస్తాము. ఆమె బిందెలో ఎంత చరిత్ర ఉందో ఆగి చూడము.

తరువాత గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసే ఒక విశ్వాసి నాకు విషయము విడమరచి చెప్పాడు. సముద్రతీరపు ఇసుకదిబ్బలలో వాననీరు ఇంకి, క్రింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. తీపి నీరు తేలిక, ఉప్పు నీరు బరువు. సముద్రమట్టము కంటే ఒక అడుగు ఎత్తున తీపి నీరు నిలిస్తే, క్రింద సుమారు 40 అడుగుల వరకు తీపి నీరు ఉంటుంది. పైన ఒక్క అడుగు తగ్గితే, క్రింద నుండి ఉప్పు ఆ లెక్కనే పైకి వస్తుంది. కనుక అక్కడ లోతుకు పోకూడదు, మోటారు పెట్టి లాగకూడదు. మెల్లగా, పైపైన చేదుకోవాలి. లీటరు తాగునీటిలో కరిగిన లవణములు 500 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణము. వేరే గతి లేనిచోట 2000 వరకు ఒప్పుకొంటారు. సముద్రపు నీటిలో సుమారు 35,000 ఉంటాయి. అవ్వకు ఈ అంకెలు తెలియవు. కాని "పది పదిహేనడుగులు" అన్న ఆమె మాట, ఇంజనీరు మాట ఒక్కటే.

2012లో మా సంఘము కానుకలు కూడబెట్టి ఆ దిబ్బ మీద సిమెంటు వరలతో 14 అడుగుల బావి కట్టింది. దాతల బృందము లేదు, జీపులు లేవు. ఈసారి ముందు ఆడవారిని కూర్చోబెట్టి అడిగాము. ఎక్కడ తవ్వాలో వారు చూపించారు. మోటారు వద్దన్నారు. మురుగు దూరముగా పోయేలా గచ్చు వేయమన్నారు, పిల్లలు పడకుండా మూత పెట్టమన్నారు. దిబ్బకు ఆవలి వైపు పల్లెకారుల ఇళ్ళున్నాయి. వారూ మా నీళ్ళే అన్నారు, మాటామాటా పెరిగింది. ఇస్సాకు తవ్విన బావుల దగ్గర జరిగిన జగడమే మళ్ళీ జరుగుతుందని భయపడ్డాను. మూడు రాత్రులు మాట్లాడుకొని, ఉదయము ఒకరు, సాయంత్రము ఒకరు చేదుకొనేటట్లు ఆడవారే తీర్పు చేసుకొన్నారు. ఏశెకు, శిత్నాలు దాటి రహెబోతు చేరాము.

అప్పుడు మా సంఘపెద్ద ఒకరు, "అయ్యగారూ, మనము కట్టించిన బావి కదా, సంఘము పేరు వ్రాయిద్దాము. నీళ్ళకు వచ్చినవారిని ఆరాధనకు కూడా రమ్మందాము" అన్నారు. నేను వారికి క్లౌ దొరగారి సంగతి చెప్పాను. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆకలితో చచ్చేవారికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకము కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. ఆ రోజులలో బాప్తిస్మము కోరుతూ ఎందరో వచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. గంజి కోసము వచ్చారో, ప్రభువు కోసము వచ్చారో తెలియాలంటే ముందు కరువు పని ముగియాలని ఆగాడు. సహాయము ఆగిపోయిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. నీటికి వెల కట్టకుండా ఇచ్చినవానికే ఆ దినము చూచే భాగ్యము కలిగింది. మా పెద్ద ఇక మాట్లాడలేదు. అవ్వ మాత్రము, "బావికి పేరెందుకండి? దప్పికైనోళ్ళు వాళ్ళే వస్తారు" అన్నది. ఆ బావికి ఈనాటికీ పలక లేదు.

అంతా బాగైపోయిందని నేను చెప్పను. మే నెలలో ఆ బావి అడుగు కనిపిస్తుంది. రుచి మారితే ఆడవారే మూత వేసి, పది రోజులు విశ్రాంతి ఇస్తారు. ఇప్పుడు చాలా ఇళ్ళ ముందు కుళాయిలున్నాయి. అవి రాని రోజున ఆ బావే ఆదుకొంటుంది. అవ్వ ప్రభువు పిలుపందుకొని కొన్నేళ్ళయింది. పాత ఉప్పు బోరింగు తుప్పు పట్టి, పలకతో సహా అక్కడే ఉంది. తీసివేయిస్తామంటే నేనే వద్దన్నాను. అది నాకు ఉండవలసిన సాక్ష్యము.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన ప్రాంతములను ముంచినది మీకు తెలుసు. ఆ రోజులలోనే ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. మా సంఘములో అనేకుల ఇళ్ళు నీళ్ళలో ఉన్నాయి. మంచి మనస్సుతో ఎందరో ఎన్నో పంపించారు. పొయ్యి లేని ఇళ్ళకు బియ్యము, ఆరేచోటు లేని ఇళ్ళకు దుప్పట్లు వచ్చాయి. నాలుగవ రోజున నాగాయలంక నుండి ఫోను వచ్చింది. అవ్వ మనుమరాలు.

"అయ్యగారండీ, మేం బయల్దేరుతున్నామండి. మీకేం కావాలండి?"

నేను ఒక్క క్షణము మాట్లాడలేకపోయాను. ఆ నాలుగు రోజులలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. ఇళ్ళలో ఉన్నవారిని అడిగి చెప్పాను: బురద తీయటానికి పారలు, చీపుళ్ళు, ఫినాయిలు, ఆడవారికి పాత చీరలు. సాయంత్రానికి ఒక ట్రాక్టరులో అవే వచ్చాయి. అవి తప్ప మరేమీ రాలేదు. ఏ ఒక్కటీ వృథా కాలేదు.

ప్రియ పాఠకులారా, ఆ రాత్రి సుఖారు బావి నాకు అర్థమైంది. జీవజలమిచ్చే ప్రభువు ఆ స్త్రీకి ముందు ఏమీ ఇవ్వలేదు, ఆమెను దాహమునకు అడిగాడు. చేద ఆమెది, కుండ ఆమెది, బావి ఎంత లోతో తెలిసినది ఆమెకు. ఆయన అలసి కూర్చొని, ఆమె ఎదుట చేయి చాచాడు. ఇచ్చేవానిగా కాక అడిగేవానిగా మొదలుపెట్టాడు గనుకనే ఆమె నోరు విప్పింది, తరువాత ఊరంతా కదలి వచ్చింది.

మీ సంఘము ఈ యేడు ఒక బోరు వేయించవచ్చు, ఒక వృద్ధురాలికి ఇల్లు కట్టించవచ్చు, పిల్లలకు బట్టలు పంచవచ్చు. తప్పక చేయండి. చేయి చాచక ముందు ఒక్కసారి వారి అరుగు మీద కూర్చోండి. వారు పోసిన నీళ్ళు త్రాగండి. "అమ్మా, మీకేమి కావాలి?" అని అడిగి, వారు చెప్పటము ముగించేవరకు మధ్యలో "ఆమేన్" అనకండి.

అడిగి తెలిసికొనే అణకువను ప్రభువు మనకందరికీ దయచేయును గాక.