ఉప్పుగాలి

పెదవాల్తేరులో ఇల్లు కట్టుకుంటే సముద్రపు గాలి ఉచితం, తుప్పు కొసరు. కిటికీ ఊచలు చాలక మా కంప్యూటరు మీద పడింది ఆ గాలి. నాన్నగారి ఉత్తరాల ఫోటోలు అందులోనే ఉన్నాయి. అసలువి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో పోయాయి.

లినక్సు రోజుకోచోట ఆగిపోయేది. కెర్నెల్ మార్చాను. ఊహూఁ! ప్రోగ్రాములో తప్పయితే సాధారణంగా ఒకేచోట తగులుతుంది. చోటు మారుతోందంటే ర్యామ్‌ని అనుమానించాలి. ఈ సంగతి మూడోరోజుకి గాని తట్టలేదు నాకు. మెమ్‌టెస్ట్ పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి తెరనిండా ఎర్రగీతలు.

పెట్టె విప్పాను. ర్యామ్ బంగారు పళ్ళు మసకబారి ఉన్నాయి.

“రాగిచెంబైతే చింతపండు పెట్టేదాన్ని” అంటూ మా ఆవిడ మనవడి పెన్సిలు రబ్బరు అందించింది. మెల్లగా రుద్ది బిగించాను. ఎర్రగీతల్లేవు.

ముందు ఉత్తరాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించాను. మొదటిది, నేను హాస్టల్లో ఉండగా నాన్నగారు రాసిన కార్డు: “ఇక్కడ గాలి జాస్తి. కిటికీలకు మళ్ళీ రంగు వేయించాను.”