సెగ్గడ్డలూ గొంతునొప్పులూ

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థిగా ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. నాకు కవితలు రావు సార్ అన్నాను. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. చీము, గళ్ల, మూత్రం, ఇవే నా రోజువారీ సరుకు. "వాటి గురించే రాయవయ్యా" అని నవ్వారాయన. అందుకే రాస్తున్నాను. తమ్ముళ్లూ, అన్నం తినేముందు మాత్రం చదవకండి.

ఆరో తరగతి నుంచి పది దాకా నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను. ఎండలు ముదిరితే చాలు, మాలో ఎవరో ఒకరికి సెగ్గడ్డ లేచేది. కూర్చోరాని చోట లేచినవాడు క్లాసులో నిలబడే పాఠం వినేవాడు. మామిడికాయలు తిని వేడి చేసిందనేవాళ్లు. వంట చేసే అక్క సున్నం, బెల్లం కలిపి పట్టు వేసేది. వాడికి తగ్గేలోపు పక్కవాడికి లేచేది. నలుగురం ఒకే తువ్వాలుతో తుడుచుకునేవాళ్లం మరి! ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. తప్పంతా మామిడికాయల మీదికే పోయేది.

ఇంటర్ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. మొదటిసారి చూసింది చీము స్లైడే. దానికి రంగు వేసే పద్ధతి 1884లో గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు బెర్లిన్‌లో కనిపెట్టాడు. ముందు క్రిస్టల్ వయొలెట్, తర్వాత అయొడిన్, ఆ తర్వాత స్పిరిట్‌తో కడగడం, చివరికి ఎర్రటి సాఫ్రానిన్. గోడ మందంగా ఉన్న సూక్ష్మజీవులు స్పిరిట్‌తో కడిగినా ఊదారంగు వదలవు. అవే గ్రామ్ పాజిటివ్. మిగిలినవి ఎర్రగా కనిపిస్తాయి. స్పిరిట్‌తో కాస్త ఎక్కువసేపు కడిగితే ఊదావి కూడా ఎర్రబడిపోతాయి. నా మొదటి పది స్లైడ్లూ అలాగే పాడయ్యాయి.

పదకొండోది కుదిరింది. ద్రాక్షగుత్తుల్లా ఊదారంగు గుండ్రాలు. స్టెఫైలోకాకస్. మా సెగ్గడ్డల అసలు దొంగ ఇదేనన్నమాట! దాదాపు మూడోవంతు మంది ముక్కుల్లో ఏ హానీ చేయకుండా కాపురముంటుంది, గీరుకున్న చోట దొరికితే లోపలికి పోతుంది.

ఇదే ఊదారంగులో ఇంకో గుండ్రం ఉంది, పూసల దండలా వరసగా ఉండేది. స్ట్రెప్టోకాకస్. స్లైడులో గుత్తో దండో ఒక్కోసారి తేల్చలేం. అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కలుపుతాం. నురగ వస్తే స్టెఫైలో, రాకపోతే స్ట్రెప్టో. రక్తం కలిపిన అగార్ మీద నుంచి తీసేటప్పుడు ఆ రక్తం కాస్త అంటుకుని వచ్చినా నురగ వస్తుంది. నేనూ అలా మోసపోయి మా మేడమ్ చేత చీవాట్లు తిన్నాను. "నీ నురగ చూసి డాక్టరు మందు మారుస్తాడు" అన్నారావిడ. నిజమే. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్‌కి పెన్సిలిన్ ఈనాటికీ పనిచేస్తుంది. సెగ్గడ్డ స్టెఫైలో చాలామటుకు పెన్సిలిన్‌ను విరిచేస్తుంది.

ధనుర్వాతం, కంఠసర్పి తెచ్చేవి కూడా గ్రామ్ పాజిటివ్‌లే, కానీ కడ్డీల్లా ఉంటాయి. వాటి సంగతి ఇంకోసారి. నేను చెప్పాలనుకున్నది ఒక గొంతునొప్పి గురించి.

తొమ్మిదో తరగతిలో నా పెట్టె పక్కన పెట్టె పెట్టుకున్నవాడికి గొంతు నొప్పి చేసింది. జ్వరం, ఉమ్మి కూడా మింగలేడు. "ఆసుపత్రికి తోడు రారా" అన్నాడు. ఆ సాయంత్రం మాకు కబడ్డీ పోటీ ఉంది. "ఉప్పునీళ్లు పుక్కిలించు, తగ్గిపోద్ది" అన్నాను. తగ్గింది కూడా. మూడు వారాలకి వాడి మోకాలు వాచింది, అది తగ్గి చీలమండ వాచింది. డ్రిల్లు తప్పించుకోవడానికి నాటకం అనుకున్నాం. ఇంటికి వెళ్లినవాడు మళ్లీ హాస్టల్‌కి రాలేదు.

నేను ఉద్యోగంలో చేరాక ఒక రోజు మా ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి పలకరించాడు. గుండె కవాటం దెబ్బతిన్నదట. 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజక్షన్.

"గొంతుకీ గుండెకీ ఏం సంబంధంరా?" అని అడిగాడు.

చెప్పాను. ఆ క్రిమి మీద యుద్ధానికి ఒళ్లు తయారుచేసుకున్న ఆయుధాలే తన కీళ్లనూ గుండెనూ శత్రువనుకుని కొడతాయని. గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవేనని, స్ట్రెప్టో వచ్చినవాళ్లలో కూడా కొద్దిమందికే ఇలా అవుతుందని. మొదట్లోనే పెన్సిలిన్ పడితే దాదాపుగా ఆపొచ్చని కూడా. ఆ చివరి మాట నోరు పెగిలి రావడానికి కాసేపు పట్టింది.

ఇంజక్షన్ పోటు తగ్గేదాకా ఇప్పుడు నా దగ్గరే బల్ల మీద కూర్చుంటాడు. మొన్న ఎవరో పిల్లాడి గొంతులోంచి తీసి పెంచిన స్లైడు ఉంటే చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

ఉప్పునీళ్ల మాట వాడికి గుర్తుందో లేదో తెలియదు. నేను అడగలేదు. వచ్చే మంగళవారం మళ్లీ వాడి ఇంజక్షన్ రోజు.